పోశం చెప్పిన తెల్లమద్ది

అడవి ఉద్యోగంలో చేరే పిల్లలు ఎవరైనా నన్ను చూడడానికి వస్తే మొదట అడిగేది పులి గురించే. చూశాను. రెండుసార్లు. రెండుసార్లూ అదే పక్కకు తప్పుకుంది. నేను ధైర్యంగా కదలకుండా నిలబడ్డానని అందరికీ చెప్పుకున్నాను గాని, నిజానికి కాళ్ళు రాలేదు. అంతకు మించి అందులో మీరు నేర్చుకునేది ఏమీ లేదు.

నాకు నిజంగా బుద్ధి చెప్పినవి రెండు చెట్లు. నల్లమద్ది, తెల్లమద్ది. రెండూ ఒక కుటుంబంలోవే. రెండింటి కాయకూ ఐదు రెక్కలుంటాయి. రెండింటి ఆకూ జామాకులాగే కోలగా, ఇంకాస్త పెద్దగా ఉంటుంది. వీటి మధ్య తేడా మా పాఠ్యపుస్తకంలో అర పేజీ ఉండేది. ఆ అర పేజీ పరీక్షలో తప్పు లేకుండా రాశాను. అడవిలోకి వచ్చి తప్పాను. ఆ తప్పు వల్ల ఒక ఇంటివాళ్ళు తరాలుగా కాపాడుకొస్తున్న పట్టుపురుగుల విత్తనం ఆరిపోయేదాకా వచ్చింది. నా బదిలీలూ, నేను ఎక్కిన మెట్లూ మీకు పనికిరావు. ఇది పనికొస్తుంది.

ఖాదర్ సాబ్ నోటుబుక్కు

మాది మంథని. మా ఇంట్లోవాళ్ళకు అడవి అంటే గోదావరి అవతల కనిపించే పచ్చటి గీత మాత్రమే. పోలీసు చర్య జరిగిన మూడు నాలుగేళ్ళకు నేను శాఖలో చేరాను. ప్రభుత్వం మారింది, కాగితాల మీద ముద్రలు మారాయి, ఊళ్ళల్లో మాత్రం ఇంకా మమ్మల్ని జంగ్లాతోళ్ళు అనే అనేవారు. మేము కనిపిస్తే చాలు, కోళ్ళను గంప కింద మూసేవారు. మాకు ముందున్నవాళ్ళు అడక్కుండానే పట్టుకుపోయేవారు మరి. ఆ గంపలు తెరుచుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నా మొదటి పై అధికారి ఖాదర్ సాబ్. రేంజి ఆఫీసరు. నిజాం కాలపు మనిషి, డెహ్రాడూన్‌లో చదువుకున్నాడు. కోపం వస్తే ఉర్దూలో తిట్టి, చల్లబడ్డాక తెలుగులో నచ్చజెప్పేవాడు. ఆయన దగ్గర అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి ఉండేది. చదువుకునే రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగి ఏరిన ఆకులు అందులో అంటించి ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళకు చాయ్ పోయించి, ఆ పుస్తకం తెరిచి, ప్రతిసారీ ఒకే పుట చూపించేవాడు.

ఆ పుటలో కశ్మీరు నుంచి తెచ్చిన రెండు పాప్లర్ ఆకులు. ఒకటి తెల్ల పాప్లర్, ఇంకొకటి నల్ల పాప్లర్. చలిదేశపు చెట్లు, మన ఎండలకు బతకవు. అక్కడ అగ్గిపుల్లలకూ, పళ్ళ పెట్టెలకూ వాడతారని చెప్పేవాడు.

"దూరంకెల్లి చూస్తె రెండు ఒక్కతీరుగనె కొడ్తయ్. ధోకా. పత్తా ఉల్టా చెయ్యి," అనేవాడు. "ఎనుక నూగు ఉంటె తెల్లది. సాఫ్ ఉంటె నల్లది. చెట్టును పైకెల్లి చూసి పేరు రాసేటోడు ఆఫీసర్ కాదు, ముసాఫిర్."

నేను ఆకు తిప్పి తడిమాను. తెల్ల పాప్లర్ ఆకు వెనక, అన్నేళ్ళు ఎండినా, పాత దుప్పటిలా మెత్తగా నూగు ఉంది. నల్లదాని వెనక నున్నగా ఉంది. నాకు భలే నచ్చింది. ఇంటికి పోయి మా బాపుకు కూడా చెప్పాను. ఆ గుర్తు బుర్రలో మేకు దిగినట్టు దిగింది. అది కశ్మీరు చెట్ల గుర్తు అన్న సంగతి మాత్రం దిగలేదు.

వాగు ఇవతల

మొదటి వానాకాలంలోనే నాకొక పని అప్పగించారు. మహదేవపూర్ అవతల ఒక అడవి ముక్కను బొగ్గు కాల్చే గుత్తేదారుకు ఇవ్వాలి. అందులో ఏ చెట్లు కొట్టవచ్చో, ఏవి వదలాలో జాబితా రాయాలి. దసలి పట్టు పెంచేవాళ్ళు వాడుకునే మద్దిచెట్లను ముట్టరాదని ఉత్తర్వులో ఉంది. వాళ్ళ చెట్లు తెల్లమద్దా, నల్లమద్దా తేల్చుకుని ఆ రకాన్ని వదిలేసి, రెండో రకాన్ని కొట్టుకోనివ్వాలి. వాగు ఒడ్డు చెట్లను ఎలాగూ కొట్టనివ్వం. చూడడానికి ఒక పూట పని.

దసలి పట్టు గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ఇది ఇంట్లో తట్టల్లో పెంచే పట్టు కాదు. పురుగులు అడవిలో మద్దిచెట్ల మీదే ఆకు తిని, కొమ్మకే కోడిగుడ్డంత గట్టి కాయ కట్టుకుంటాయి. ఆ కాయల నూలుతో మహదేవపూర్ సాలెవాళ్ళు బట్ట నేస్తారు. పెంచేవాళ్ళు చెట్ల తలలు నరికి, మనిషికి అందే ఎత్తులో లేత కొమ్మలు వచ్చేట్టు చేసుకుంటారు. పురుగులు చెట్ల మీద ఉన్నన్నాళ్ళు అక్కడే గుడిసె వేసుకుని, కాకుల్నీ చీమల్నీ తోలుతూ కాపలా ఉంటారు.

అక్కడ పెంచేది పోశం, ఆయన భార్య లస్మక్క. పోశం నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి. ఏళ్ళ తరబడి పురుగుల మధ్య తిరగడం వల్లనేమో గొంతు ఎప్పుడూ పైకి లేవదు. నేను పోయింది శ్రావణంలో. వాగు తొడలదాకా పారుతోంది. పోశం అవతలి ఒడ్డున ఉన్నాడు. నేను ఇవతల, కరీంనగర్‌లో కొన్న కొత్త బూట్లతో ఉన్నాను.

"బూట్లు ఇడిసి రా సారూ. తోలు పురుగుల కాడికి రావద్దు," అన్నాడు పోశం.

ఆ బూట్లకు పన్నెండేసి కంతలు. తాళ్ళు విప్పాలి, వాగు దాటాలి, వట్టి కాళ్ళతో బురదలో గుట్ట ఎక్కాలి, మళ్ళీ వచ్చి తాళ్ళు కట్టాలి. పైగా నేను ఆఫీసరును కదా. "నువ్వే ఇటు రా," అన్నాను.

వచ్చాడు.

"మీ పురుగులు ఏ మద్ది మీద ఉన్నాయి? తెల్లదా, నల్లదా?"

పోశం నా ముఖంలోకి చూసి, వెంటనే గుట్ట వైపు తిరిగి చూశాడు. "తెల్లమద్ది సారూ," అన్నాడు.

"మరి ఈ ఒడ్డు పొడుగునా ఉన్న పెద్ద చెట్లు?"

"గవి ఏరుమద్ది. గవి మాయి కావు."

ఏరుమద్ది అన్నా తెల్లమద్ది అన్నా ఒకటేనని పుస్తకంలో ఉంది. నాకు అక్కడే అనుమానం రావలసింది. ఒక మనిషి ఒకే చెట్టును ఒడ్డున ఒక పేరుతో, గుట్ట మీద ఇంకో పేరుతో ఎందుకు పిలుస్తాడు? పల్లెటూరివాళ్ళు ఏదో ఒకటి అంటారులే అనుకున్నాను. అయినా ఖాదర్ సాబ్ శిష్యుణ్ణి కదా, పరీక్ష చేయకుండా ఎలా రాస్తాను? గుట్ట మీది చెట్టు రెమ్మ ఒకటి తెమ్మన్నాను. పోశం మళ్ళీ వాగు దాటి పోయి తెచ్చాడు. ఆకు తిప్పి చూశాను. వెనక నూగు ఉంది. నూగు ఉంటే తెల్లది.

మనిషి మాట, ఆకు సాక్ష్యం రెండూ కలిశాయి. "పట్టు పెంచేవారు వాడేవి తెల్లమద్ది చెట్లు. నల్లమద్ది యావత్తూ కొట్టవచ్చును" అని రాసి, పోశం చేత వేలిముద్ర వేయించాను. వాడు చెప్పింది వాడి చేతనే ఒప్పించానని నన్ను నేను మెచ్చుకుంటూ తిరిగి వచ్చాను. బూట్లకు మరక కూడా అంటలేదు.

చలికాలంలో, పంట ఎత్తి పోశం వాళ్ళు గుడిసె విప్పేశాక, మా గార్డు ఆ జాబితా పట్టుకుపోయి, నల్లమద్ది చెట్లన్నిటికీ చెక్కు తీసి సుత్తి ముద్ర కొట్టాడు. ఆ గార్డుకు ముప్పై ఏళ్ళ అనుభవం. పోశం చెట్లు నల్లమద్ది అని అతనికి చూడగానే తెలుసు. కాగితం కొట్టమన్నది, అతను కొట్టాడు. తరువాత నేను అరిస్తే, "మీరే రాసిండ్రు గద సార్," అన్నాడు. పై అధికారి రాసింది తప్పని నోరు తెరిచి చెప్పే అలవాటు మేము వాళ్ళకు ఎన్నడూ చేయలేదు. మీ కింద పనిచేసేవాడు మీ తప్పును చూసి కూడా ఊరుకున్నాడంటే అందులో సగం దోషం మీదే.

మొండెలు

ఎండాకాలంలో పోశం వాళ్ళ గూడెం అంతా తునికాకు తెంపడానికి గోదావరి దాటి చెన్నూరు వైపు పోతుంది. ఆ నెలన్నరలోనే గుత్తేదారు మనుషులు దిగి, కొట్టి, కాల్చి, బొగ్గు తోలుకుపోయారు.

మృగశిర ముందు ఒక ఉదయం లస్మక్క మా క్యాంపుకు వచ్చింది. వెనక పోశం ఉన్నాడు. ఆమె చేతికి పూలదండ చుట్టుకున్నట్టు పట్టుకాయల దండ ఉంది. ఏటా పంటలో మేలైన కాయలు ఏరి, దండ గుచ్చి, ఇంటి వాసానికి కట్టి మరుసటి ఏటికి దాస్తారు. తొలి వానలకు అందులోంచి రెక్కల పురుగులు బయటికి వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డు పెట్టిన తొమ్మిదో పదో నాటికి పిల్ల పురుగు ఆకు వెతుక్కుంటుంది.

"కాయల్ల కదలిక వచ్చింది సారూ," అంది లస్మక్క. దండ ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. లోపల ఎవరో గోటితో గీరుతున్నట్టు సన్నటి చప్పుడు. "చెట్లు లెవ్వు. ఒక్కటంటె ఒక్కటి లేదు. ఎక్కడ పెట్టాలె వీటిని?"

నేను నమ్మలేదు. వాళ్ళతో పోయాను. వాగులో చారెడు నీళ్ళు కూడా లేవు, ఈసారి బూట్లతోనే నడిచి దాటాను. గుట్ట మీద మోకాలెత్తు మొండెలు, మధ్య మధ్య బొగ్గు కాల్చిన మసి. ప్రతి మొండెం మీదా మా శాఖ ముద్ర. మొండెం చుట్టూ మిగిలిన బెరడు నల్లగా, ఎండిన చెరువు మట్టిలా పలకలు పలకలుగా పగిలి ఉంది. అది నల్లమద్ది అని చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, "నువ్వే కదయ్యా తెల్లమద్ది అన్నది?"

లస్మక్కే మాట్లాడింది.

"పురుగు చెట్టు మీద ఉన్నప్పుడు గా రంగు పేరు తియ్యం సారూ. మా అత్త తియ్యలే, ఆమె అత్త తియ్యలే. రోగమొస్తె పురుగు గా రంగుకే తిరిగి, తలకిందులు ఏలాడి రాలిపోతది. గందుకని గా నెలలల్ల గీ చెట్టును తెల్లమద్ది అనే అంటం. ఏటి ఒడ్డుదాన్ని ఏరుమద్ది అంటం. గూడెంల పోరగాండ్లకు సుత ఎరుకే. నీకు ఎరుక లేదని మాకేం ఎరుక?"

నలుపు పేరు ఎత్తకూడదని తెల్లమద్ది అన్నాడన్నమాట. పొద్దుగూకితే ఉప్పును ఉప్పు అనకూడదని మా అవ్వ బుట్టెడు అనేది. చీకట్లో పామును పురుగు అనేది. ఎవరైనా పట్నం మనిషి మా అవ్వ మాట విని ఉప్పు పేరు బుట్టెడు అని పుస్తకంలో రాసుకుంటే ఎంత నవ్వేవాళ్ళం. నేను చేసింది అచ్చంగా అదే. ఈ చెట్టుకు ఏమంటారని అడిగాను గాని, ఈ నెలలో ఏమంటారని అడగాలని నాకు తెలియలేదు. వాగు దాటి బెరడు మీద చెయ్యి పెడితే అదీ అడిగే పని ఉండేది కాదు.

"మా అత్త పుట్టింటికెల్లి తెచ్చుకున్న ఇత్తునం సారూ ఇది," అంది లస్మక్క దండను కొంగులో కప్పుకుంటూ. "ఒక్క కారు తప్పితె మల్ల దొరకది. అడివికి వేరే ఇత్తునం పడది."

పద్నాలుగు కాయలు

మిగిలిన దారి ఒక్కటే. ఒడ్డు మీది ఏరుమద్ది. దసలి పురుగు రెండు మద్దులూ తింటుందని పుస్తకంలో ఉంది, అది అబద్ధం కాదు.

"తింటయి సారూ, తినకేం," అన్నాడు పోశం. "గని గది ఎవ్వలు తల గొట్టని చెట్టు. ఆకు మీదికి ఉంటది, ముదురుగుంటది. కాపలా ఎట్ల కాయాలె?"

అయినా పెట్టాం. నేనూ గార్డూ చేతనైనంత సాయం చేశాం. మొదళ్ళ చుట్టూ బూడిద పోశాం, కింది కొమ్మలు వంచి కట్టాం. పోశం కొమ్మ కొమ్మకూ ఎక్కి కాకుల్ని తోలాడు. ఆషాఢం గాలికి కొమ్మలు ఊగి పురుగులు వాగులో రాలాయి. పైకి పాకినవి కాకులకు పోయాయి. లస్మక్క మోకాలు లోతు నీళ్ళలో నిలబడి, కొట్టుకుపోయే పురుగుల్ని జల్లెడతో ఎత్తి మళ్ళీ చెట్టు మీద పెడుతుంటే నేను ఒడ్డున నిలబడి చూశాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంత పనికిమాలినవాణ్ణని అనిపించిన రోజు మరొకటి లేదు.

చివరికి మిగిలింది పద్నాలుగు కాయలు. అవీ సన్నవి. లస్మక్క వాటిని చాటలో పోసి, ఆడవి ఏవో మగవి ఏవో బరువు చూసి వేరు చేసింది.

ఆమే నన్ను గుట్ట మీదికి తీసుకుపోయి చూపించింది. మొండెలన్నీ చిగురు పెట్టాయి. నరికిన చోట గుత్తులు గుత్తులుగా, నడుమెత్తు లేత కొమ్మలు. నల్లమద్దిలో ఉన్న గొప్ప గుణం అది, మొదలు మిగిలితే మళ్ళీ లేస్తుంది. ఆ లేత ఆకు తిప్పి చూశాను. దూడ చెవిలా నూగు. ఏరుమద్ది ఆకు వెనక ఏమీ లేదు, నున్నన. కశ్మీరు పాప్లర్లలో నూగు తెల్లదానిది. మన మద్దుల్లో నూగు నల్లదానిది. నేను ఒక చెట్టు గుర్తు తెచ్చి ఇంకో చెట్టుకు తగిలించాను.

"ఇరువై దినాలల్ల ఈ కాయలు పలుగుతయి," అంది లస్మక్క. "గప్పటికి ఈ చిగురు తయారుంటది. మమ్ముల లోపలికి రానిస్తె ఇత్తునం నిలుస్తది సారూ."

అక్కడే అసలు చిక్కు. నరికిన అడవి ముక్కను చిగురు పెరిగేదాకా మూసేస్తాం. పశువూ మనిషీ ఎవరూ అడుగు పెట్టరాదు. ఆ చిగురును పురుగులకు మేపుతామంటే ఏ ఆఫీసరు ఒప్పుకుంటాడు?

వేలిముద్ర

ఖాదర్ సాబ్ దగ్గరికి పోయాను. చెట్లు పోయాయనీ, పాపం వాళ్ళను మూసిన అడవిలోకి రానివ్వాలనీ చెప్పాను. ఎలా పోయాయో మాత్రం నములుతూ చెప్పాను. ఆయన దస్త్రం తెప్పించి నా జాబితా చదివాడు, కింద వేలిముద్ర చూశాడు.

"నువ్వెందుకు పరేషాన్ అయితవ్? కాగజ్‌ల నువ్వు సాఫ్ ఉన్నవ్," అన్నాడు. "ఆద్మీ తెల్లమద్ది అన్నడు, అంగూఠా పెట్టిండు. గలత్ బయాన్ ఆయనది. గలత్ చెప్పినోనికి బంద్ అయిన జంగల్ ఎందుకు ఖోల్ చెయ్యాలె?"

నేను సరే సాబ్ అని వచ్చేశాను.

ఇది చదివేవాళ్ళు నన్ను ఏమైనా అనుకోండి, ఎనిమిది రోజులు ఆ వేలిముద్ర వెనక దాక్కున్నాను. కొత్త ఉద్యోగం, ఇంట్లో నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. కాగితం నా వైపు ఉంది. పోశం అబద్ధం చెప్పాడని నేను ఎక్కడా అనలేదు, కాగితమే అంటోంది. అలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రోజూ పొద్దున్నే లేచి ఇరవైలోంచి ఒకటి తీసేసేవాణ్ణి. ఇంకా పంతొమ్మిది, ఇంకా పద్దెనిమిది. పన్నెండు దగ్గర ఇక తీసెయ్యలేకపోయాను.

తొమ్మిదో రోజు గుట్ట మీది రెమ్మ ఒకటి, ఒడ్డు మీది రెమ్మ ఒకటి పట్టుకుని మళ్ళీ పోయాను. వాటిని ఆయన బల్ల మీద పెట్టాను.

"సాబ్, పోశం చెప్పింది అబద్ధం కాదు. నేను విన్నది తప్పు. నేను వాగు దాటలేదు. చెట్టును ముట్టలేదు. బూట్లు విప్పడానికి బద్ధకించాను. ఆకు తిప్పి మీ పాప్లర్ గుర్తు దీనికి పెట్టాను," అని, పురుగుల నెలల్లో వాళ్ళు అనని మాట గురించి మొత్తం చెప్పాను.

తిట్లకు సిద్ధపడే ఉన్నాను. ఆయన తిట్టలేదు. రెండు ఆకులూ తిప్పి బొటనవేలితో చాలాసేపు రుద్దాడు. తరువాత నోటుబుక్కు తీసి, ఆ పుట తెరిచి, పాప్లర్ ఆకుల పక్కన వాటిని పెట్టాడు.

"ఉల్టా ఉన్నది," అన్నాడు మెల్లగా. "ఇన్ని సాల్‌లు అందరికి ఇదే సబక్ చెప్పిన. పత్తా ఉల్టా చెయ్యిమని చెప్పిన గని, ఏ ములుక్, ఏ దేశం పత్తా అని అడగమని చెప్పలే."

నోటుబుక్కు పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "గిదంత రాసి ఇయ్యి. నీ దస్తఖత్‌తోని. నీ నౌకరీకి దాగ్ పడ్తది. పడొద్దు అంటె రాయకు, గప్పుడు నేను సుత పర్వానా రాయను."

రాశాను. వాళ్ళను మూసిన అడవిలోకి రానిస్తూ ఆయన పర్వానా రాశాడు. నాకు పడిన మచ్చ గురించి చెప్పేదేమీ లేదు, కొన్నాళ్ళకు మాసిపోయింది. ఖాదర్ సాబ్‌లో ఎన్నో లోపాలుండేవి. నమాజు వేళ ఎవరైనా వస్తే గంటలు గంటలు నిలబెట్టేవాడు, గార్డులను మనుషుల్లా చూసేవాడు కాదు. కాని తను నేర్పిన పాఠంలో తప్పు ఉందని తన కింది ఉద్యోగి ముందు ఒప్పుకున్న అధికారిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రెండు మద్ది ఆకులనూ అదే పుటలో అంటించాడు.

పద్నాలుగు కాయల్లో మూడు పగలలేదు. మిగిలినవాటి పిల్లలు మొండెల చిగుళ్ళ మీద పెరిగాయి. చేతికందే ఎత్తు కాబట్టి కాపలా తేలికయింది. కార్తీకం నాటికి లస్మక్క చేతిలో మళ్ళీ ఒక దండ ఉంది, ముందటి ఏటి దండలో సగం కూడా లేదు. పోశం నాకు దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు. పెడితే తలకొట్టేసినట్టు ఉండేది.

ఐన్

తరువాత ఏళ్ళు ఆదిలాబాద్ జిల్లాలో, ఎక్కువగా ఆసిఫాబాద్ వైపు గడిచాయి. అక్కడ ఒక గార్డు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాడు. ఒక ఎండాకాలం కొండ మీద మా నీళ్ళు అయిపోయాయి. అతను నల్లమద్దిచెట్టు చుట్టూ తిరిగి, బెరడు ఉబ్బిన చోటు చూసి గొడ్డలితో ఒక్క దెబ్బ కొట్టాడు. బిందె వంచినట్టు నీళ్ళు వచ్చాయి. కాస్త వగరు.

"గిది ఐన్ సాబ్," అని మరాఠీలో ఆ చెట్టు పేరు చెప్పాడు. "ఎండకాలం నీళ్ళు పొట్టల దాసుకుంటది. ఏటి ఒడ్డుది దాసుకోది. దానికి ఏరే ఉన్నది గద."

ఈ రెండు చెట్లకు నేను విన్న తేడాల్లో అంతకంటె సరైనది లేదు. బెరడు చెప్పాను, ఆకు చెప్పాను. కాయ రెక్కల మీది గీతలు నల్లదానికి అడ్డంగా అంచుదాకా పోతాయి, తెల్లదానికి పైకి వంగుతాయి. అవన్నీ నేర్చుకోండి. కాని ఒకటి వానకూ ఎండకూ తనే ఓర్చుకోవలసిన గుట్ట మీద ఉంటుంది, ఇంకొకటి నీటి పక్కన ఉంటుంది. చెట్టు ఎక్కడ నిలబడిందో చూడకుండా పేరు రాయకండి. అది చూడాలంటే నడవాలి.

మళ్ళీ అదే వాగు

ఆంధ్రప్రదేశ్ వచ్చాక, నేను మళ్ళీ కరీంనగర్ జిల్లాకు వచ్చాక, ఆ అడవి ముక్క మీద కొత్త జాబితా రాయవలసి వచ్చింది. మళ్ళీ శ్రావణమే. వాగు దగ్గర చెప్పులు విడిచి, పంట్లాం మడిచి, దాటి గుట్ట ఎక్కాను.

పోశం జుట్టు నెరిసింది. మొండెల చిగుళ్ళు ఇప్పుడు చెట్లయ్యాయి, తలలు నరికి మనిషెత్తున గుబురుగా ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ బొటనవేలంత పచ్చటి పురుగులు ఆకు తింటున్నాయి. నిశ్శబ్దంగా నిలబడితే చిన్న జల్లు పడుతున్నట్టు ఆ నమిలే చప్పుడు వినిపిస్తుంది. లస్మక్క అవతల చెట్టు కింద చీమలు తోలుతోంది.

ఒక్కో చెట్టు దగ్గరికీ పోయి బెరడు మీద చెయ్యి పెట్టాను. నల్లగా, పలకలు పలకలుగా, గరుకుగా ఉంది. నాకు ఏ పేరూ అడగవలసిన పని లేదు. అయితే ఫారంలో "స్థానికులు చెప్పిన పేరు" అని ఒక గడి ఉంది. దాన్ని నేనే నింపేద్దామని కాగితం తీశాను.

పోశం నా కలం చూశాడు. చెట్ల మీది పురుగుల్ని చూశాడు. రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"నల్లమద్ది," అన్నాడు. ఆయన గొంతు ఎన్నడూ లేనంత పైకి లేచింది. "నల్లమద్ది సారూ. మంచిగ రాసుకో."

అవతల లస్మక్క చేతిలో చీపురు ఆగిపోయింది.

"నేను అడగలేదు కదా పోశం," అన్నాను. "నాకు తెలుసు. ముట్టి చూశాను."

"నువ్వు అడగవు సారూ, నాకెరుకే," అన్నాడు. "నీ ఎనుక వచ్చేటోడు ముట్టడు. కాయిదమే చూస్తడు. పురుగుకు రోగమొస్తె ఒక కారు పోతది. నీ కాయిదం తప్పితె అడివే పోతది."

వాళ్ళ అత్తలు, వాళ్ళ అత్తల అత్తలు ఆ నెలల్లో పలకని మాట. పురుగుల నడుమ నిలబడి ఆయన పలికాడు. రోగం కంటె మా కలమే ఎక్కువ భయం ఆయనకు. ఆ భయం పెట్టింది నేను. గడిలో ఆ పేరు పెద్ద అక్షరాలతో, గట్టిగా నొక్కి రాశాను. ఆ దస్త్రం ఇంకా ఎక్కడైనా ఉంటే మీరే చూడవచ్చు. పోశం చెప్పిన ఆ వెనక వచ్చేటోడు మీరే.

నేను రాయడం అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడి చూశాడు. తరువాత గుట్ట దిగి, వాగు దగ్గర కూర్చుని, మూడుసార్లు నోరు పుక్కిలించి ఉమ్మి వచ్చి, కాకుల్ని తోలడానికి చెట్ల కిందికి పోయాడు.